పిస్టల్ పిడి మీద వేళ్ల గాడులు: పట్టుకు మేలా, గురికి చేటా?

తుపాకుల గురించి ఒక గృహిణి రాయడమేమిటని మీకు అనిపించొచ్చు. జాబ్రియాలోని మా ఫ్లాట్‌లో ఉన్న ఆయుధాలు రెండే. ఒకటి కూరగాయల కత్తి, రెండోది అప్పడాల కర్ర. నేను చదివింది బీఎస్సీ ఫిజిక్స్. పెళ్లయి కువైట్ వచ్చాక ఆ చదువు పిల్లల హోంవర్క్‌కు తప్ప ఎక్కడా పనికిరాలేదని చాలాకాలం అనుకున్నాను. 2024 వేసవి సెలవుల్లో హైదరాబాద్‌లో మా అక్క ఇంట్లో అది ఒకసారి పనికొచ్చింది. ఆ సంగతే ఈ వారం మీతో పంచుకుంటున్నాను.

మా అక్క కూతురికి అప్పుడు 14 ఏళ్లు. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ నాలుగు పతకాలు తెచ్చింది గుర్తుందా? 25 మీటర్ల పిస్టల్ టీమ్‌లో స్వర్ణం, మరో మూడు రజతాలు. అది టీవీలో చూసి మా పాప కూడా షూటింగ్ నేర్చుకుంటానని పట్టుబట్టింది. బావ ఒక శిక్షణ కేంద్రంలో చేర్పించారు. మొదటి నాలుగు నెలలు బాగానే సాగింది. తర్వాత స్కోరు ఒకచోటే ఆగిపోయింది. గుళ్లు ఎక్కువగా కిందికి, ఎడమ వైపుకి పోతున్నాయి. అక్కడ నేర్పే ఆయన, "నీ వేళ్లలో బలం లేదమ్మా, ఇంకా గట్టిగా పట్టుకో" అన్నారట. పాప రోజూ రబ్బరు బంతి పిసకడం మొదలుపెట్టింది. ఆ తర్వాత చిటికెన వేలు నొప్పి. మా అక్క తేల్చేసింది. "వచ్చే ఏడాది పదో తరగతి. చేతకాని ఆట దేనికి, మానిపించేస్తా."

నేను వెళ్లేసరికి ఇంట్లో వాతావరణం అలా ఉంది. జూలై 28న మను భాకర్ పారిస్‌లో కాంస్యం గెలిచిన ఫైనల్‌ను అందరం కలిసి చూశాం, పాప తప్ప. తను గది తలుపు వేసుకుంది. ఆ రాత్రి నా పక్కన పడుకుని చెయ్యి చూపించింది. "పిన్నీ, ఇక్కడ చూడు." చిటికెన వేలి లోపలి వైపు ఒక ఎర్రటి గీత. ఉంగరం వేలి మీద ఇంకొకటి. "ఇదేంటమ్మా?" అంటే, "పిస్టల్ గ్రిప్‌కి గట్లు ఉంటాయి కదా, అవి గుచ్చుకుంటాయి" అంది.

ఆ గట్ల గురించే ఈ వ్యాసం.

గాడులు ఎందుకు పెట్టారు?

పిస్టల్ పిడి ముందు భాగంలో మధ్య వేలు, ఉంగరం వేలు, చిటికెన వేలు కూర్చోవడానికి మూడు పల్లాలు, వాటి మధ్య రెండు గట్లు చేస్తారు. చూడగానే "ఆహా, చేతికోసమే చేశారు" అనిపిస్తుంది. పిల్లల పెన్సిళ్లకు తొడిగే రబ్బరు తొడుగులు, సైకిల్ హ్యాండిల్ తొడుగులు, కొన్ని కార్ల స్టీరింగ్ కవర్లు, అన్నిటిలోనూ ఇదే ఆలోచన.

దీనివల్ల వచ్చే లాభాలు రెండు. మొదటిది, చెయ్యి జారకుండా ఉండటం. తుపాకీ పేలినప్పుడు గుండు ముందుకి పోతుంది, తుపాకీ వెనక్కి తంతుంది. న్యూటన్ మూడో సూత్రం. గొట్టం మన చేతికంటే పైన ఉంటుంది కాబట్టి ఆ తన్నుకు తుపాకీ మూతి పైకి లేస్తుంది, పిడి చేతిలో కదలబోతుంది. అప్పుడు గట్లు వేళ్లకు అడ్డుపడి ఆపుతాయి. గాడులు పెడితే ఘర్షణ పెరుగుతుందని చాలామంది అనుకుంటారు. మనం ఇంటర్మీడియట్‌లో చదివిన లెక్క ప్రకారం ఘర్షణ బలం తాకే వైశాల్యాన్ని బట్టి ఉండదు, నొక్కే బలాన్ని బట్టి ఉంటుంది. మెత్తటి చర్మం ఆ లెక్కకు పూర్తిగా లొంగదు, అది వేరే విషయం. ఇక్కడ ఆపేది ముఖ్యంగా ఘర్షణ కాదు, అడ్డు. మెట్టు అడ్డం ఉంటే కాలు ముందుకు జారనట్టు.

రెండో లాభం, చెయ్యి ప్రతిసారీ ఒకేచోట పడటం. షూటింగ్‌లో గట్టిగా పట్టుకోవడం కంటే ప్రతిసారీ ఒకేలా పట్టుకోవడం ముఖ్యం. నిన్న ఎలా పట్టుకున్నారో ఇవాళ అలాగే, మొదటి గుండుకి ఎలా పట్టుకున్నారో అరవయ్యో గుండుకీ అలాగే. గాడి ఉంటే వేళ్లు వెతుక్కోకుండా తమ చోటుకి పోతాయి.

మరి ఇంత మంచిదైతే పాప వేలికి గీత ఎందుకు పడింది?

మా జేజి కొడవలి

మా ఊళ్లో, కడప జిల్లాలో, మా జేజి దగ్గర ఒక కొడవలి ఉండేది. ఆమె కాపురానికి వచ్చినప్పటి నుంచీ అదే. నలభై ఏళ్లు పట్టి పట్టి దాని కొయ్య పిడి అరిగి, ఆమె వేళ్లు ఎక్కడ ఉండేవో అక్కడ సన్నటి పల్లాలు పడ్డాయి. జేజి చేతిలో అది వెన్నలా నడిచేది. మా అమ్మ పట్టుకుంటే మాత్రం, "ఈ కొడవలి నాకు అచ్చిరాదు" అనేది. మా అమ్మది చిన్న చెయ్యి. జేజి వేళ్ల పల్లాల్లో అమ్మ వేళ్లు పడేవి కావు. అరగంట గడ్డి కోస్తే బొబ్బలు.

గాడుల సంగతంతా ఈ కొడవలిలోనే ఉంది. గాడి ఒక చేతి కొలతకు గుర్తు. అది మీ చెయ్యే అయితే వరం. వేరే చెయ్యి అయితే ప్రతి గట్టూ ఒక ముల్లు.

అదే ఇంట్లో రోకలికి గాడులు ఉండవు. ఎందుకంటే దాన్ని ఇంట్లో అందరూ పడతారు, దంచుతూ దంచుతూ చేతులు మార్చుకుంటారు. తిరగలి పిడీ అంతే, నున్నటి కర్ర. జాబ్రియాలో ఉండేవాళ్లు తారిఖ్ రజబ్ మ్యూజియం చూసే ఉంటారు. 1980లో మొదలైన ఆ మ్యూజియానికి పిల్లల్ని తీసుకెళ్లినప్పుడల్లా ఇప్పుడు నా చూపు పాత ఆయుధాల పిడుల మీదకే పోతుంది. మన దేశపు తల్వార్ పిడినే తీసుకోండి. మధ్యలో కాస్త ఉబ్బు, చివర చక్రంలాంటి బిళ్ల. వేలికో గాడి అంటూ ఉండదు. ఆ ఉబ్బు అరచేతిని నింపుతుంది, ఆ బిళ్ల చెయ్యి జారకుండా ఆపుతుంది. ఎవరు పట్టినా వేళ్లు తమకు నచ్చిన చోట కూర్చుంటాయి.

చపాతీ పిండితో ఒక ప్రయోగం

మర్నాడు పొద్దున అక్క చపాతీలకు పిండి కలుపుతోంది. గట్టిగా కలపమని చెప్పి ఒక ముద్ద తీసుకున్నాను. అప్పడాల కర్ర చుట్టూ ఆ పిండి అద్ది, పాపను పిస్టల్ పట్టుకున్నట్టు పట్టుకోమన్నాను. మూడు వేళ్ల అచ్చు పడింది. తర్వాత బావ, అక్క, నేను. నలుగురివీ నాలుగు అచ్చులు. దర్జీ టేపుతో కొలిచాం. పాప మధ్య వేలి మధ్య నుంచి ఉంగరం వేలి మధ్యకు సుమారు 17 మిల్లీమీటర్లు. బావకు 21.

ఇప్పుడు లెక్క చూడండి. ఆ శిక్షణ కేంద్రంలో పిస్టల్ ఒకటే, పట్టేది పదిమంది. గ్రిప్ మధ్య సైజు మగవాళ్ల చేతికి సరిపోయేది. బావ ఒకరోజు వెళ్లి కొలిచి వచ్చారు. దాని గాడుల మధ్య దూరం కూడా దాదాపు 21 మిల్లీమీటర్లే. పాప మధ్య వేలు మొదటి గాడిలో సరిగ్గా కూర్చుందనుకుందాం. ఉంగరం వేలు గాడి మధ్య నుంచి 4 మిల్లీమీటర్లు పక్కకి పోతుంది. చిటికెన వేలికి వచ్చేసరికి తేడా 8 మిల్లీమీటర్లు. గాడి మధ్య నుంచి గట్టు శిఖరానికి దూరం పదిన్నర మిల్లీమీటర్లే. అంటే చిటికెన వేలు గాడిలో లేదు, దాదాపు గట్టెక్కి కూర్చుంది. ఎర్ర గీత సరిగ్గా అక్కడే ఉంది.

నేను ఇంకో పని కూడా చేశాను. పాపనే ఐదు నిమిషాలు ఆగి మళ్లీ పట్టుకోమన్నాను. మణికట్టు కాస్త తిప్పి పట్టుకుంది. రెండో అచ్చు మొదటిదానికి సరిపోలేదు. అంటే మన చేతికి కూడా ఒకే గాడి అని రాసిపెట్టి లేదు, మణికట్టు కోణాన్ని బట్టి వేళ్లు జరుగుతాయి. ఇది వంటింటి ప్రయోగమే, పెద్ద పరిశోధన కాదు. మీరూ ఇంట్లో చేసి చూడండి, పిల్లలకు సరదాగా ఉంటుంది. ఆ పిండితో మాత్రం చపాతీలు చెయ్యకండి.

పావు మిల్లీమీటరు కథ

"వేలు నాలుగు మిల్లీమీటర్లు అటూ ఇటూ అయితే ఏమవుతుందిలే" అంది అక్క. ఇక్కడ నా ఫిజిక్స్ బయటికి తీశాను.

10 మీటర్ల ఎయిర్ పిస్టల్‌లో లక్ష్యం మధ్యలో ఉండే పది పాయింట్ల వలయం వ్యాసం 11.5 మిల్లీమీటర్లు. చొక్కా బొత్తాం అంత. వేసే గుండు 4.5 మిల్లీమీటర్లు. నిలబడి, ఒంటి చేత్తో కొట్టాలి. పారిస్‌లో జేబులో చెయ్యి పెట్టుకుని కొట్టి ప్రపంచమంతా పేరు తెచ్చుకున్న టర్కీ షూటర్ యూసుఫ్ డికెచ్ గుర్తున్నారు కదా? అది స్టైల్ కోసం కాదు. రెండో చెయ్యి వాడకూడదు కాబట్టి ఎక్కడో ఒకచోట కదలకుండా పెట్టుకోవాలి.

పిస్టల్ మీద వెనక ఒక గాడి, ముందు ఒక కడ్డీ ఉంటాయి. వెనక గాడి మధ్యలో ముందు కడ్డీ కనిపించాలి. ఈ రెండిటి మధ్య దూరం సుమారు 35 సెంటీమీటర్లు. లక్ష్యం 10 మీటర్ల దూరంలో. 1000ని 35తో భాగించండి, దాదాపు 28.6 వస్తుంది. అంటే ముందు కడ్డీ ఒక్క మిల్లీమీటరు పక్కకి ఒరిగితే, లక్ష్యం దగ్గర గుండు దాదాపు 29 మిల్లీమీటర్లు పక్కకి పోతుంది. పది పోయి ఏడు వస్తుంది. పది నిలవాలంటే ఒరుగుడు పావు మిల్లీమీటరు దాటి కొద్దిగా మాత్రమే ఉండొచ్చు.

అదే చెయ్యి మొత్తం, ఒరగకుండా, ఐదు మిల్లీమీటర్లు పక్కకి కదిలిందనుకోండి. గుండు కూడా ఐదు మిల్లీమీటర్లే పక్కకి పోతుంది, పది పాయింట్లు ఎక్కడికీ పోవు. అందుకే షూటర్లు చెయ్యి వణికితే అంత భయపడరు, మణికట్టు తిరిగితే భయపడతారు. మణికట్టును తిప్పే శక్తి వేళ్ల ఒత్తిడికి ఉంది.

వేళ్లు ఒకదానికొకటి బంధువులు

అరచెయ్యి పైకి పెట్టి చిటికెన వేలు ఒక్కటే ముడవండి. ఉంగరం వేలు కూడా వెంట వస్తుంది. ఎంత ఆపినా కాస్తయినా కదులుతుంది. వేళ్లను ముడిచే కండరాలు ముంజేతిలో ఉంటాయి, అక్కడి నుంచి నరాల్లాంటి తాళ్లు వేళ్లకు వస్తాయి. చివరి మూడు వేళ్లకు వెళ్లే కండర భాగాలు ఒకదానితో ఒకటి బాగా కలిసిపోయి ఉంటాయి. చూపుడు వేలికి కాస్త స్వతంత్రం ఎక్కువ. దేవుడు ఆ వేలిని ట్రిగ్గర్ కోసం కాకపోయినా, చూపించడానికైనా అలా చేశాడు.

పిస్టల్ పట్టుకున్నప్పుడు కింది మూడు వేళ్లు బరువు మోయాలి, చూపుడు వేలు ఒక్కటే మెల్లగా వెనక్కి రావాలి. ఎయిర్ పిస్టల్‌లో ట్రిగ్గర్‌కు కనీసం 500 గ్రాముల బరువు ఉండాలని నియమం. అరకిలో ఉల్లిపాయల సంచి అంత. తుపాకీ బరువు ఒకటిన్నర కిలో మించకూడదు. ఇప్పుడు చిటికెన వేలు గట్టు మీద ఇబ్బందిగా ఉంటే ఏం చేస్తుంది? జారకుండా ఉండాలని ఇంకా గట్టిగా నొక్కుతుంది. ఆ నొక్కుడు పక్క వేళ్లకు పాకుతుంది. ట్రిగ్గర్ లాగే క్షణంలో చెయ్యి మొత్తం బిగుసుకుంటుంది. కుడిచేతి వాళ్లకు అప్పుడు తుపాకీ మూతి కిందికి, ఎడమకు వంగుతుంది. పాలు పితికేటప్పుడు వేళ్లు ఒకదాని వెంట ఒకటి బిగుస్తాయి చూడండి, అలా.

కిందికి, ఎడమకు. పాప గుళ్లు పోతున్నది అటే. "ఇంకా గట్టిగా పట్టుకో" అన్న సలహా నొప్పిని పెంచింది, తప్పునూ పెంచింది. బలం లేక కాదు, ఆ బలం పడాల్సిన చోట పడక.

పోలీసు తుపాకుల్లో ఏం జరిగింది?

ఈ గొడవ మా పాపది ఒక్కదానిదే కాదు. ఆస్ట్రియాకు చెందిన గ్లాక్ కంపెనీ పిస్టళ్లు ప్రపంచంలో చాలా దేశాల పోలీసులు వాడతారు. 1980ల్లో వచ్చిన మొదటి గ్లాక్ పిడికి వేళ్ల గాడులు లేవు. 1990ల చివర్లో వచ్చిన మూడో తరానికి గాడులు పెట్టారు. 2010లో నాలుగో తరం వచ్చింది. అందులో పిడి వెనక భాగం చేతి సైజును బట్టి మార్చుకునే ఏర్పాటు చేశారు, ముందు గాడులు మాత్రం ఉంచారు. అసలు తిరకాసు అక్కడే. వెనక వైపు మార్చితే పిడి లావు మారుతుంది, గాడుల మధ్య దూరం మారదు.

కొందరికి అవి బాగా నచ్చాయి. ఇంకొందరు ఆకురాయి పట్టుకుని ఇంట్లోనే గట్లు అరగదీసుకున్నారు. చివరికి అమెరికా ఎఫ్‌బీఐ 2015లో కొత్త పిస్టళ్ల కోసం పిలిచిన టెండర్లలో పిడికి వేళ్ల గాడులు ఉండకూడదని అడిగింది. 2016లో ఆ కాంట్రాక్టు గ్లాక్‌కే దక్కింది. 2017లో అందరికీ అమ్మిన ఐదో తరంలో గాడులు తీసేశారు. వాటి స్థానంలో పిడి అంతా సన్నటి గరుకు పెట్టారు. పెట్టిన కంపెనీయే ఇరవై ఏళ్లు తిరక్కుండా తీసేసిందన్నమాట.

కారణం ఆలోచిస్తే తేలిక. పోలీసు విభాగంలో ఒకే రకం తుపాకీ వేలమందికి ఇవ్వాలి. ఆరడుగుల జవాను, ఐదడుగుల మహిళా కానిస్టేబుల్, చలికాలం గ్లవ్స్ వేసుకున్న చెయ్యి, అన్నీ అందులో ఉంటాయి. పైగా నడుము నుంచి అర సెకనులో తీసేటప్పుడు వేళ్లు గాడుల్లో పడకపోతే సర్దుకునే సమయం ఉండదు. గాడి లేని పిడి మీద ఐదు మిల్లీమీటర్లు కిందా మీదా పడినా పట్టు పట్టే. గాడి ఉన్న పిడి మీద ఆ ఐదు మిల్లీమీటర్లు గట్టు మీద పడతాయి.

ఇక పెద్ద రివాల్వర్ల సంగతి వేరు. వాటి తన్ను ఎక్కువ. ఇరుకైన కొయ్య పిడి చేతిలో జారకుండా చాలామంది మెత్తటి రబ్బరు గ్రిప్పులు తొడిగారు. వాటిలో గాడులున్నవి ఇప్పటికీ ఇష్టంగా వాడేవాళ్లున్నారు. రబ్బరు కాస్త వంగుతుంది కాబట్టి సైజు కొద్దిగా తప్పినా కొయ్య అంత కఠినంగా ఉండదు.

మరి ఒలింపిక్ షూటర్లు?

ఒలింపిక్ పిస్టల్ గ్రిప్పులు చూస్తే ఇంత చెప్పిన తర్వాత కూడా మీరు ఆశ్చర్యపోతారు. అరచేతి కింద ఒక అరుగు, బొటనవేలికి ఒక చోటు, వేళ్లకు ఒంపులు. చేతికి బూటు తొడిగినట్టు ఉంటుంది. మొరిని, స్టెయర్ వంటి కంపెనీలు వీటిని చిన్న, మధ్య, పెద్ద సైజుల్లో, కుడి చేతికీ ఎడమ చేతికీ వేరువేరుగా ఇస్తాయి. అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య నియమం ప్రకారం గ్రిప్ చేతిని దాటి మణికట్టుకు ఊతం ఇవ్వకూడదు. మణికట్టు స్వేచ్ఛగా కనిపించాలి. నియమాల హద్దుల లోపల ఆకారాన్ని చేతికి తగ్గట్టు సరిచేసుకోవచ్చు.

ఇక్కడ గాడులు ఎందుకు చెల్లుతాయి? ఆ గ్రిప్ ఒక్కరిదే కాబట్టి. కొన్నాక కూడా అలాగే వాడరు. ఎక్కడ గుచ్చుకుంటే అక్కడ గరుకు కాగితంతో అరగదీస్తారు, ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ కొయ్యకు పూసే పుట్టీ నింపి ఆరనిస్తారు. నెలల తరబడి కొంచెం కొంచెంగా. జేజి కొడవలికి నలభై ఏళ్లు చేసిన పని వీళ్లు గరుకు కాగితంతో చేస్తారు.

మన కువైట్‌కు ఒలింపిక్స్‌లో మొదటి పతకం తెచ్చింది కూడా షూటింగే. ఫహైద్ అల్ దీహానీ 2000 సిడ్నీలో కాంస్యం, 2012 లండన్‌లో మరో కాంస్యం, 2016 రియోలో స్వర్ణం సాధించారు. రియోలో కువైట్‌పై నిషేధం ఉండటంతో ఆ స్వర్ణం స్వతంత్ర క్రీడాకారుడిగా గెలిచారు. ఆయనవి గాలిలో ఎగిరే మట్టి బిళ్లలను కొట్టే పోటీలు, వాటికి వాడేది షాట్‌గన్. దానికి వేళ్ల గాడుల గొడవ లేదు కానీ, భుజానికి ఆనించే కొయ్య పొడవు, చెంప ఆనే ఎత్తు మనిషికి తగ్గట్టు సరిచేసుకోకుండా ఎవరూ పోటీకి దిగరు. పేరు మారింది, సూత్రం అదే. తుపాకీ మనిషికి సరిపోవాలి, మనిషి తుపాకీకి కాదు.

ఎండాకాలం ఉంగరం

కువైట్‌లో ఉండేవాళ్లకు ఇంకో సంగతి తేలికగా అర్థమవుతుంది. జనవరిలో వదులుగా ఉండే పెళ్లి ఉంగరం జూలైలో తియ్యబోతే రాదు. వేడికి చెయ్యి ఉబ్బుతుంది. అచ్చు గుద్దినట్టు చెక్కిన గ్రిప్‌కు కూడా ఇదే బాధ. చలికాలంలో సరిపోయింది ఎండాకాలంలో బిగుతు. ఎదిగే పిల్లలకైతే ఒక ఏడాదిలోనే చెయ్యి మారిపోతుంది. కాబట్టి పిల్లలకు లోతైన గాడులున్న గ్రిప్ కొనడం అంటే, ఎదిగే కాలికి సరిగ్గా సరిపోయే బూటు కొన్నట్టే. లోతు తక్కువ ఒంపులో, అసలు గాడులు లేని గ్రిప్పో నయం.

ఇంతకీ మేలా, చేటా?

నాకు అర్థమైనంతలో ఇలా చెప్పుకోవచ్చు. గ్రిప్ ఒక్కరిదే అయి, ఆ చేతికి సరిచేసుకునే వీలుంటే గాడులు మేలు చేస్తాయి. పదిమంది పట్టే తుపాకీకి, ఎదిగే పిల్లలకు, హడావుడిగా తీయాల్సిన ఉద్యోగపు తుపాకీకి నున్నటి లేదా గరుకు పిడి మేలు. తన్ను ఎక్కువున్న తుపాకీకి గాడులున్న మెత్తటి రబ్బరు పనికొస్తుంది, అదీ వేళ్లు గాడుల్లో పడితేనే.

మీ పిల్లలు ఇండియాలో షూటింగ్ నేర్చుకుంటుంటే ఈ నాలుగు చూడండి. అన్నీ కోచ్ దగ్గర, తుపాకీ ఖాళీగా ఉందని నిర్ధారించుకున్నాకే.

ఒకటి, అరగంట సాధన తర్వాత చెయ్యి చూడండి. అరచేతి మీద పరుచుకున్న ఎరుపు పరవాలేదు. వేళ్ల మీద గీతలు పడితే గట్లు తగులుతున్నట్టే.

రెండు, కళ్లు మూసుకుని పిస్టల్ ఎత్తి, కుదురుకున్నాక కళ్లు తెరవమనండి. ముందు కడ్డీ వెనక గాడి మధ్యలోనే కనిపించాలి. ప్రతిసారీ ఒకే వైపు ఒరిగి ఉంటే గ్రిప్ మణికట్టును తిప్పుతోంది.

మూడు, చూపుడు వేలి మొదటి కణుపు ముందున్న మెత్తటి భాగం ట్రిగ్గర్ మీద పడాలి, వేలు నేరుగా వెనక్కి రావాలి. అందక సాగదీస్తున్నా, ఎక్కువై వంగుతున్నా గ్రిప్ సైజు తప్పు.

నాలుగు, గుళ్లు మళ్లీ మళ్లీ ఒకే వైపు పోతుంటే, పిల్లల్ని తిట్టే ముందు వేరే సైజు గ్రిప్‌తో పది గుళ్లు కొట్టించి చూడండి. ఖర్చు లేని పరీక్ష.

పాప సంగతి

మేము నాలుగోదే ముందు చేశాం. బావ తెలిసిన ఇంకో కోచ్‌ను బతిమాలి చిన్న సైజు గ్రిప్ ఉన్న పిస్టల్‌తో పాపతో కొట్టించారు. మొదటి రోజే పదులు కురవలేదు. గుళ్లు కిందికి, ఎడమకు పోవడం మాత్రం తగ్గింది, గుంపు కాస్త మధ్యకి వచ్చింది. అక్క అదంతా వెనక నిలబడి చూసింది, ఏమీ అనలేదు.

కువైట్ నుంచి ఒక గ్రిప్ తెప్పించి పంపుతానని నేను ఉత్సాహపడ్డాను. మా ఆయన చేతులు జోడించారు. "తుపాకీ ముక్క బ్యాగులో పెట్టుకుని ఎయిర్‌పోర్టుకు వెళ్తావా తల్లీ?" నిజమే, మీరెవరూ అలాంటి పని చెయ్యకండి. బావ అక్కడే, సీనియర్ షూటర్ ఒకరు వాడి వదిలేసిన చిన్న సైజు గ్రిప్ కొన్నారు. వాడినదే అయినా ధర విని అక్క గుండె పట్టుకుంది. ఆ డబ్బుతో మిక్సీ, గ్రైండర్ రెండూ వచ్చేవట. కింది గట్టు ఒకటి ఇంకా తగులుతుంటే కోచ్ దగ్గరుండి గరుకు కాగితంతో దాన్ని తీయించారు.

చిటికెన వేలి నొప్పి రెండు వారాల్లో పోయింది. స్కోరు మెల్లగా, కొన్ని నెలలకు పెరిగింది. అంతా గ్రిప్ పుణ్యమే అని నేను చెప్పను. పాప రోజూ గంట చేసిన సాధన ఉంది, కొత్త కోచ్ ఓపిక ఉంది. పదో తరగతి అయ్యేదాకా వారానికి మూడు రోజులే అని అక్క షరతు పెట్టింది. మానిపించడం గురించి మాత్రం ఇప్పుడు ఎత్తడం లేదు.

మొన్న వీడియో కాల్‌లో పాపను అడిగాను, ఇప్పుడు ఎలా ఉందమ్మా అని. "పిన్నీ, ఇప్పుడు గుండు తప్పు పోతే అది నా తప్పే అని తెలుస్తోంది. అప్పట్లో ఎవరి తప్పో తెలిసేది కాదు" అంది.

ఆ మాట విన్నాక నాకు మా అమ్మ గుర్తొచ్చింది. జేజి కొడవలితో బొబ్బలు తెచ్చుకుని, "నాకు గడ్డి కొయ్యడం చేతకాదు" అని ఇరవై ఏళ్లు అనుకున్న మనిషి. మీ ఇంట్లో పిల్లలు ఏదైనా "నాకు చేతకావడం లేదు" అంటే, ముందు వాళ్ల చేతిలో ఉన్న వస్తువును ఒకసారి పట్టుకుని చూడండి.